దిర్హం–రూపాయి పాత రేట్లు: మనోళ్లు ఎప్పుడూ అడిగే ప్రశ్నలు

నేను హన్మకొండల ఐటీ రిటర్నులు, బ్యాంకు కాగితాల పని చేసుకుంటా. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఆర్మూర్, నిర్మల్ దిక్కు దుబాయ్ పోయొచ్చినోళ్లు, వాళ్ల పిల్లలు ఫోన్ల అడిగేవన్నీ దాదాపు ఒక్క తీరుగనే ఉంటయి, అందుకే అన్నీ ఒక్క దగ్గర రాసి పెడుతున్న. దీంట్ల రాసిన రేట్లు ఎక్కువ సుమారు రేట్లే, పైసల దాకా కచ్చితంగా కావాలంటే కింద ఎక్కడ దొరుకుతయో కూడా చెప్పిన.

షార్ట్‌గా చెప్పు అన్నా, ఏ సంవత్సరం దిర్హం ఎంతుండె?

సంవత్సరం మొత్తం మీద సగటు తీస్తే ఇట్ల వస్తది: 1980ల 2 రూపాయల 10 పైసల చుట్టూ, 1985ల 3.40, 1990ల 4.80, 1995ల 8.80, 2000ల 12.20, 2005ల 12, 2010ల 12.50, 2015ల 17.50, 2020ల 20.20, 2024ల 22.80. 2025 డిసెంబర్‌ల డాలర్ 90 రూపాయలు దాటింది కదా, అప్పుడు దిర్హం 24.50 దాటింది.

ఇవి సగటులు మాత్రమే అని మర్చిపోవద్దు. ఒక్కో సంవత్సరంల నెల నెలకు మస్తు తేడా ఉంటది, 1991, 2008, 2013 లాంటి సంవత్సరాలకైతే సగటు పెట్టి లెక్క చేస్తే లెక్క తప్పినట్టే.

అంటే దిర్హం అంత పెరిగిందా?

పెరగలే. ఇది అందరూ ఉల్టా అర్థం చేసుకుంటరు. డాలర్‌తో చూస్తే దిర్హం నలభై ఏండ్ల కెల్లి దాదాపు ఉన్నకాడనే ఉన్నది, పడ్డది మన రూపాయి. 1997 నవంబర్ నుంచి ఒక డాలర్‌కు 3.6725 దిర్హాలు అని యూఏఈ (దుబాయ్, అబుదాబి ఉన్న దేశం) వాళ్లు ఫిక్స్ చేసి పెట్టిన్రు, అంతకుముందు 1980 చివరి నుంచి 3.671 ఉండె, అంటే తేడా లేనట్టే. అక్కడి సెంట్రల్ బ్యాంక్ డాలర్‌ను ఆ రేటు పక్కపక్కనే కొంటది, అమ్ముతది, ఆయిల్ అమ్మితే వచ్చేవి డాలర్లే కాబట్టి వాళ్లకు డాలర్లకు కొదవ లేదు, అందుకే ఆ రేట్‌ను పట్టుకోగలుగుతున్నరు.

కాబట్టి దిర్హం–రూపాయి రేట్ అని వేరేగా ఒకటి లేదు అనుకోండి, డాలర్–రూపాయి రేట్‌ను 3.6725తోని భాగిస్తే దిర్హం రేట్ వచ్చేస్తది. డాలర్ 83 ఉంటే దిర్హం 22.60. ఫోన్‌ల క్యాల్‌క్యులేటర్ చాలు. ఈ ఒక్క లెక్క తెలిస్తే కింది ప్రశ్నల్ల సగం మీరే చెప్పుకోవచ్చు.

దిర్హం ఎప్పటి నుంచి ఉన్నది? అంతకుముందు ఏం నడిచేది?

దిర్హం వచ్చింది 1973 మే 19న. అప్పుడు దిర్హం విలువను బంగారంతోని కట్టిన్రు, ఆ లెక్కన డాలర్‌కు 3.95 దిర్హాల దాకా పడేది, మన రూపాయలల్ల చూస్తే ఒక దిర్హం రెండు రూపాయలకు కొంచెం తక్కువ.

దానికి ముందుది ఇంకా మజా ఉంటది, ఎందుకంటే దుబాయ్‌ల నడిచింది మన రూపాయే! నమ్మరు చాలామంది. దుబాయ్, అబుదాబి, ఖతర్, బహ్రెయిన్, కువైట్, ఒమన్ అన్ని దిక్కుల ఇండియా రూపాయే చెల్లేది. అయితే అక్కడ రూపాయలు ఇచ్చి బంగారం కొని ఇక్కడికి దొంగతనంగా తెచ్చేటోళ్లు, ఆ రూపాయలన్నీ తిరిగి మన రిజర్వ్ బ్యాంక్‌కే వచ్చి బదులు పౌండ్లు ఇవ్వాల్సి వచ్చేది, దాంతోని ఫారిన్ కరెన్సీ కరిగిపోతున్నదని 1959ల గల్ఫ్ కోసమే వేరే నోట్లు అచ్చేసిన్రు, రంగు వేరే, నంబర్ ముందు జెడ్ అక్షరం ఉంటది, మన దగ్గర బజార్ల చెల్లదు. దాన్నే గల్ఫ్ రూపాయి అంటరు. విలువ మాత్రం మన రూపాయితోని సమానం.

కువైట్ 1961లనే సొంత దినార్ తెచ్చుకున్నది, బహ్రెయిన్ 1965ల. ఇగ 1966 జూన్ 6న మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది, డాలర్‌కు 4.76 ఉన్నది ఒక్కసారే 7.50 అయింది, గల్ఫ్ రూపాయి కూడా దాంతోపాటే పడ్డది, వాళ్ల తప్పు ఏం లేకున్నా జేబుల పైసల విలువ పోయింది. దాంతోని మిగిలినోళ్లు కూడా మనకు ఈ రూపాయి వద్దనుకున్నరు. ఖతర్, దుబాయ్ కలిసి ఒక రియాల్ తెచ్చుకున్నయి, అబుదాబి బహ్రెయిన్ దినార్ వాడుకున్నది, ఒమన్ మాత్రం 1970 దాకా గల్ఫ్ రూపాయితోనే నెట్టుకొచ్చింది. 1973ల దిర్హం వచ్చినప్పుడు దుబాయ్ రియాల్‌కు ఒక దిర్హం, బహ్రెయిన్ దినార్‌కు పది దిర్హాలు ఇచ్చి మార్చిన్రు.

అట్ల చూస్తే, 1966 ముందు రూపాయి ఇస్తే రూపాయి వచ్చే జాగల 2025 చివరికి ఒక దిర్హం కొననీకి ఇరవై నాలుగు రూపాయలు పెట్టాల్సి వచ్చింది.

1991ల ఏమైందని అందరు అంటరు? మా నాయన అప్పుడే పోయిండు.

మీ నాయనకు అదృష్టం కలిసొచ్చినట్టే, జీతం పరంగా అయితే. 1991 జూన్‌ల డాలర్ 21 రూపాయల చుట్టూ ఉండె, అంటే దిర్హం 5.75. దేశంల ఫారిన్ కరెన్సీ అయిపోవచ్చింది, జూలై 1న, మళ్లీ జూలై 3న రెండు సార్లు రూపాయి తగ్గించిన్రు, డాలర్ 26 దగ్గరికి పోయింది. దిర్హం 7 రూపాయలు అయింది. ఆ మూడు రోజుల్ల వెయ్యి దిర్హాలు పంపేటోనికి 1,250 రూపాయల దాకా ఎక్కువ వచ్చినట్టు, అప్పటి కాలంల అది చిన్న పైకం కాదు.

1992ల రెండు రేట్లు కనిపిస్తున్నయి, ఏది కరెక్ట్?

రెండూ కరెక్టే. 1992 మార్చ్ నుంచి 1993 ఫిబ్రవరి దాకా సర్కారు రెండు రేట్ల పద్ధతి పెట్టింది. బయట నుంచి వచ్చిన డబ్బుల 40 శాతం సర్కారు రేట్‌కు, 60 శాతం మార్కెట్ రేట్‌కు మార్చేటోళ్లు. సర్కారు రేట్ 26 దగ్గర ఆగి ఉంటే మార్కెట్ రేట్ 30 దాకా పోయింది. రెండూ కలిపితే చేతికి వచ్చేది డాలర్‌కు 28 రూపాయల చిల్లర, అంటే దిర్హానికి 7.70 ఆ తీరుగ. మీ దగ్గర ఆ సంవత్సరం బ్యాంకు కాగితం ఉంటే, అండ్ల రేటు రెండు ముక్కలుగ రాసి ఉంటే కంగారు పడకండి, అది ఇదే.

1993 మార్చ్ నుంచి రెండు రేట్లు కలిపేసిన్రు, డాలర్ 31 రూపాయల కాడ మొదలైంది, దిర్హం 8.50. ఆ తర్వాత రేట్ మార్కెట్‌దే, రిజర్వ్ బ్యాంక్ మరీ ఎక్కువ ఊగిసలాడితే మధ్యల చెయ్యి పెడుతది అంతే.

2000 కెల్లి 2010 దాకా రేట్ 12 కాడనే ఉన్నదా? పదేండ్లా?

అవును, మొదలు, చివర చూస్తే అంతే. నాకైతే ఈ మొత్తం చరిత్రల అన్నిటికంటె ముఖ్యమైన ముచ్చట ఇదే, కానీ ఎవరూ అడగరు, అందరూ 1991, 2013 గురించే అడుగుతరు.

800 దిర్హాల జీతం ఉన్న మనిషిని తీసుకోండి. 2000ల నెలకు 9,800 రూపాయలు అయితది, 2010ల 10,000. ఈ పదేండ్లల్ల ఊర్ల బియ్యం ధర, సిమెంట్ ధర, కైకిలి, పిల్లల ఫీజు ఏది ఆగింది? ఏదీ ఆగలే. పోయేటప్పుడు వీసాకు ఏజెంట్‌కు కట్టనీకి రెండు రూపాల మిత్తికి తెచ్చిన అప్పు మాత్రం నెల నెలా పెరుగుకుంటనే పోయింది. రూపాయి గట్టిగ ఉంటే దేశానికి మంచిదని పేపర్ల రాస్తరు, గల్ఫ్‌ల కష్టం చేసేటోనికి మాత్రం అది జీతం కోసినట్టే.

మధ్యల ఇంకా అన్యాలం అయింది. 2007 చివర డాలర్ 39.50 రూపాయలకు దిగింది, దిర్హం 10.75. అదే టైంల దుబాయ్‌ల కిరాయిలు, తిండి ధరలు విపరీతంగా పెరిగినయి. డాలర్ బలహీనం అయితే దానికి కట్టిన దిర్హం కూడా బలహీనం అయితది కదా. అప్పుడు దుబాయ్‌ల కన్‌స్ట్రక్షన్ కూలీలు జీతాలు పెంచుమని సమ్మె చేసిన్రు, అక్కడ సమ్మె చేస్తే డిపోర్ట్ చేస్తరని తెలిసి కూడా చేసిన్రు, దాని వెనుక ఈ రేట్ కూడా ఒక కారణం.

2008 చివరికి మళ్లీ ఉల్టా. అమెరికా బ్యాంకుల సంక్షోభం వచ్చి డాలర్ 50 దాకా పోయింది, దిర్హం 13.60. కానీ అప్పుడు దుబాయ్‌ల పనులే ఆగిపోయినయి, రేట్ మంచిగుండి పని లేకపోతే ఏం లాభం.

2013ల ఒకేసారి పెరిగింది కదా, అది ఎట్ల?

2013 మే మొదట్ల దిర్హం 14.70 చుట్టూ ఉండె. మే 22న అమెరికా సెంట్రల్ బ్యాంక్ మార్కెట్‌కు ఇస్తున్న సాయం తగ్గిస్తానని సూచన ఇచ్చింది, దాంతోని మన లాంటి దేశాలల్ల పెట్టిన డాలర్లు వాపస్ పోవుడు మొదలైంది, ఆగస్ట్ 28న డాలర్ 68.80 దాటింది, దిర్హం 18.70. నాలుగు నెలలల్ల దిర్హానికి నాలుగు రూపాయలు! ఆ వారం ఎక్స్‌చేంజ్‌ల ముంగట లైన్లు, అప్పు తెచ్చి మరీ ఇంటికి పంపినోళ్లు ఉన్నరు. తర్వాత రిజర్వ్ బ్యాంక్ ఎన్ఆర్ఐ డిపాజిట్ల మీద స్పెషల్ స్కీం పెట్టి డాలర్లు రప్పించింది, డిసెంబర్ కల్లా దిర్హం 17 లోపలికి దిగింది.

ఆ తర్వాత కథ పెద్దగ లేదు, మెట్టు మెట్టు ఎక్కుడే. 2018 అక్టోబర్‌ల 20 దాటింది, 2022 సెప్టెంబర్‌ల 22 దాటింది, 2025ల 24.

అన్నదమ్ముల పంచాయితీ ఉన్నది. 1996ల నేను పంపిన 5,000 దిర్హాలు ఇప్పటి రేట్‌ల లెక్క కట్టమంటే మా తమ్ముడు ఒప్పుకుంటలేడు.

అన్నా, రేట్ విషయంల మాత్రం మీ తమ్ముడు చెప్పేదే కరెక్ట్. మీరు పంపిన రోజే ఆ దిర్హాలు రూపాయలు అయిపోయినయి. 1996 సగటు రేట్ 9.60 దగ్గర, అంటే 48,000 రూపాయలు ఇంటికి వచ్చినయి, అంతవరకే ఎక్స్‌చేంజ్ రేట్ పని. ఆ 5,000 దిర్హాలను 2025 రేట్ 24తోని గుణించి 1,20,000 అనుడు తప్పు, ఎందుకంటే దిర్హాలు ఇన్ని రోజులు దిర్హాలుగ ఎక్కడా దాచిపెట్టలే.

కానీ ఆ 48,000కు అప్పుడు ఉన్న విలువ ఇప్పుడు లేదు అన్నది మాత్రం నిజం. దానికి వేరే లెక్క ఉంటది, ధరల సూచీ పట్టుకొని చేస్తరు, లేకపోతే ఆ పైసలతోని భూమి కొంటే ఆ భూమి ఇప్పటి ధర చూస్తరు. ఆ రెండు లెక్కలను రేట్‌తోని కలపొద్దు. పంచాయితీల పెద్దమనుషుల ముంగట పాస్‌బుక్ పెట్టండి, నోటిమాట రేట్లు కాదు.

ఇంకోటి, అప్పుడు ఎక్కువ మంది డీడీ తీసి పోస్ట్‌ల గానీ, ఊరికి వచ్చేటోళ్ల చేతికి గానీ పంపేటోళ్లు. డీడీ తీసిన రోజే రేట్ ఖాయం అయితది, ఇక్కడ బ్యాంకుల వేసిన రోజు కాదు. రెండు తేదీల మధ్యల నెల రోజులు కూడా ఉండేది. పాస్‌బుక్‌ల తేదీ చూసి రేట్ వెతికితే లెక్క కుదరకపోవచ్చు, జర చూసుకోండి.

ఫోన్‌ల కనిపించే రేట్ ఒకటి, నాకు వచ్చింది ఒకటి. మోసం చేసిన్రా?

ప్రతిసారి మోసం కాదు. ఫోన్‌ల కనిపించేది కొనే రేట్‌కు, అమ్మే రేట్‌కు మధ్యల రేట్, అది బ్యాంకులు బ్యాంకులు మాట్లాడుకునే ధర, మనకు ఎవరూ ఇయ్యరు. మనకు ఇచ్చే రేట్‌ల వాళ్ల లాభం కోసుకుంటరు, పైనుంచి ఫీజు వేరే. కొందరు ఫీజు లేదు అని బోర్డు పెట్టి రేట్‌ల ఎక్కువ కోస్తరు. చూడాల్సింది ఒక్కటే: నేను ఇచ్చిన దిర్హాలు ఎన్ని, ఇంటి అకౌంట్‌ల పడ్డ రూపాయలు ఎన్ని. రెండోదాన్ని మొదటిదానితోని భాగించండి, అదే మీ అసలు రేట్.

నోట్లు పట్టుకొచ్చి ఇక్కడ మార్చుకుంటే ఇంకా తక్కువ వస్తది, నోట్ల రేట్ ఎప్పుడూ అకౌంట్ ట్రాన్స్‌ఫర్ రేట్ కంటె అధ్వానం.

రసీదు మీద రేట్ 0.0442 అని ఉన్నది, ఇది ఏంది?

ఉల్టా రాసిన్రు, ఒక్క రూపాయికి ఎన్ని దిర్హాలు అని. 1ని 0.0442తోని భాగించండి, 22.62 వస్తది.

ఇన్‌కంటాక్స్‌కు ఏ రేట్ పెట్టాలె?

ముందు అసలు ట్యాక్స్ పడుతదా లేదా చూసుకోండి, ఎన్ఆర్ఐ అయి అక్కడ పని చేసి అక్కడే తీసుకున్న జీతం మీద ఇండియాల ట్యాక్స్ లేదు. మధ్యల వాపస్ వచ్చి ఆ సంవత్సరం ఇండియాల రెసిడెంట్ అయితే మాత్రం అక్కడి జీతం కూడా చూపించాల్సి రావచ్చు. అప్పుడు ఇన్ని రోజులు నడిచిన రూల్ ఏందంటే, జీతం ఏ నెలల రావాల్సి ఉన్నదో దాని ముందు నెల ఆఖరి రోజు స్టేట్ బ్యాంక్ టీటీ బయ్యింగ్ రేట్ (అకౌంట్‌ల పడే ఫారిన్ కరెన్సీని బ్యాంకు కొనే రేట్) పెట్టాలె. ఫోన్‌ల రేట్ కాదు, మీ ఎక్స్‌చేంజ్ రసీదు రేట్ కూడా కాదు. కొత్త చట్టం వచ్చింది కాబట్టి ఫైల్ చేసేటప్పుడు ఆ సంవత్సరం రూల్ ఏందో ఒకసారి సీఏను అడగండి.

సరుకు తెచ్చుకుంటే?

దానికి కస్టమ్స్ వాళ్ల రేట్ వేరే ఉంటది, దిగుమతికి ఒకటి, ఎగుమతికి ఒకటి, దిర్హం కూడా ఆ లిస్ట్‌ల ఉంటది. జీతం లెక్కలకు దాన్ని వాడొద్దు.

సౌదీ, ఖతర్, కువైట్ రేట్లు కూడా ఇట్లనే తీయొచ్చా?

సౌదీ రియాల్ 1986 నుంచి డాలర్‌కు 3.75, ఖతర్ రియాల్ 3.64, కాబట్టి డాలర్ రేట్‌ను వీటితోని భాగిస్తే అయిపోయింది. ఒమన్ రియాల్, బహ్రెయిన్ దినార్ డాలర్ కంటె పెద్దవి, ఒమన్‌కు 0.3845, బహ్రెయిన్‌కు 0.376 పెట్టి భాగించండి. కువైట్ దినార్‌కు మాత్రం ఈ లెక్క పనిచెయ్యది. వాళ్లు 2003 నుంచి 2007 మే దాకనే డాలర్‌కు కట్టిన్రు, 1975 నుంచి మిగిలిన కాలమంతా చాలా కరెన్సీల బుట్టతోని కట్టిన్రు, అందుకే కువైట్‌కు ఆ రోజు రేట్ వేరే వెతకాల్సిందే.

పాత రేట్లు అసలు ఎక్కడ దొరుకుతయి?

డాలర్‌కు అయితే రిజర్వ్ బ్యాంక్ సైట్‌ల రిఫరెన్స్ రేట్ ఆర్కైవ్ ఉంటది, రోజు వారీగ. 2018 జూలై నుంచి ఆ రేట్‌ను ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ ఇస్తున్నది. పాత ఆర్కైవ్‌ల డాలర్, పౌండ్, యూరో, యెన్ మాత్రమే ఉంటయి, దిర్హం వెతికి దొరకలేదని వదిలెయ్యొద్దు, డాలర్ తీసుకొని 3.6725తోని భాగించుడే. ఆ ఆర్కైవ్ మొదలైన రోజు కంటె వెనక్కి పోవాలంటే రిజర్వ్ బ్యాంక్ ఏటా వేసే గణాంకాల హ్యాండ్‌బుక్‌ల సగటులు ఉంటయి.

హుండీ రేట్ ఎక్కువుండేది అంటరు, దాన్ని లెక్కల పెట్టొచ్చా?

హుండీ అంటే బ్యాంకు కాకుండ మనుషుల చేతుల మీదుగ పైసలు పంపుడు, లెక్కల పెట్టనీకి దానికి కాగితమే ఉండదు. 1993 ముందు సర్కారు రేట్ పట్టి ఉంచేది కాబట్టి బయట రేట్‌కు, బ్యాంకు రేట్‌కు బాగా తేడా ఉండేది, అందుకే ఊర్లల్ల అంత నడిచింది. తర్వాత ఆ తేడా తగ్గింది. అప్పుడు ఫారిన్ కరెన్సీ మీద ఉన్న ఫెరా చట్టం కింద నేరం, ఇప్పుడు దాని బదులు వచ్చిన ఫెమా కింద తప్పే. ఖల్లివెల్లి అయి (కంపెనీ వదిలి వీసా కాగితాలు లేకుండ ఉండి) కార్డు లేక బ్యాంకుకు పోలేనోళ్లు దాని మీదనే పడ్డరు, వాళ్ల బాధ నాకు తెలుసు, అయినా పట్టుబడితే పైసలు, మనిషి రెండూ ఇరుక్కుంటరు.

మా తాత హాలీ రూపాయి, కల్దార్ రూపాయి అనేటోడు. అది కూడా ఎక్స్‌చేంజ్ రేటేనా?

నూటికి నూరు పాళ్లు. నిజాం రాజ్యంల హాలీ సిక్కా సొంత రూపాయి, ఇంగ్లీషోళ్ల రూపాయిని కల్దార్ అనేటోళ్లు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు, అంటే వంద కల్దార్లు కావాలంటే 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు. వరంగల్ల పత్తి, చింతపండు అమ్మి బెజవాడ దిక్కు సరుకు తెచ్చే వ్యాపారికి ఈ లెక్క నోటికే ఉండేది. 1950ల ఇండియా రూపాయి వచ్చినా కొన్నేండ్లు రెండూ పక్కపక్కనే నడిచినయి, అదే ఏడుకు ఆరు లెక్కన. పాత భూమి కాగితాలల్ల సిక్కా అని రాసి ఉంటే ఆ అంకెను ఏడుతోని భాగించి ఆరుతోని గుణించండి, అప్పటి ఇండియా రూపాయలు వస్తయి.

నేను పంపిన రోజు ఆదివారం. ఆ రోజు రేట్ దొరుకుతలేదు.

ఆదివారం, బ్యాంకు సెలవు రోజు మన దిక్కు రేట్ వెయ్యరు, దాని ముందు పనిరోజు రేట్ పెట్టుకోండి. ఇంకోటి గుర్తు పెట్టుకోండి, 2022 జనవరి ముందు దుబాయ్‌ల వారం సెలవు శుక్రవారం పడేది, ఆదివారం వాళ్లకు పనిరోజే. అందుకే పాత రసీదుల మీద ఆదివారం తేదీ ఉంటే అది దొంగ రసీదు అనుకోవద్దు, అట్ల అనుమానపడి నా దగ్గరికి తెచ్చినోళ్లు ఉన్నరు. అక్కడి ఎక్స్‌చేంజ్ ఆ రోజు తెరిచే ఉంటది, శుక్రవారం మన మార్కెట్ మూసినప్పటి రేట్ మీద వాళ్ల లాభం ఇంకొంచెం ఎక్కువ కోసుకొని ఇచ్చేటోళ్లు.